రాయి లోపలి తడి

లాస్ వేగాస్ నుంచి పడమరకు అరగంట వెళితే రెడ్ రాక్ కాన్యన్. డైనోసార్ల కాలంలో గాలి పేర్చిన ఇసుక తిన్నెలే పూడిపోయి, గట్టిపడి ఇక్కడ రాయయ్యాయి. ఆ తిన్నెల ఏటవాలు చారలు గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. రాక్ క్లైంబింగ్ చేసేవాళ్ళు దేశదేశాల నుంచి వచ్చేది ఈ గోడలు ఎక్కడానికే.

ఎప్పుడు వెళ్ళాలని అడిగితే అందరూ ముందు ఎండ గురించే చెబుతారు. నిజమే, జులైలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, చేతులకు చెమట పట్టి పట్టు జారుతుంది. అందుకే అక్టోబరు, నవంబరు, మళ్ళీ మార్చి, ఏప్రిల్ మంచి నెలలు. చలికాలమైతే దక్షిణం వైపు తిరిగిన, ఎండ పడే గోడలు, ఎండలు ముదిరితే ఉత్తరం వైపు నీడ గోడలు చూసుకుంటారు.

నన్నడిగితే మాత్రం అన్నిటికన్నా ముందు చూడాల్సింది గడిచిన మూడు రోజుల్లో వాన పడిందా లేదా అన్నది. లాస్ వేగాస్‌లో ఏడాదంతా కలిపి పడేది సుమారు 10 సెంటీమీటర్లే. ఆ కాస్త వానతోనే వస్తుంది చిక్కంతా.

ఇసుకరాయంటే ఇసుక రేణువులు, వాటిని అంటిపెట్టుకున్న జిగురు. ఆ జిగురు చోటును బట్టి సున్నపు ఖనిజం కావచ్చు, సిలికా కావచ్చు, ఇనుప ఖనిజమో బంకమన్నో కావచ్చు. రేణువుల సందుల్లోకి నీరు చేరితే బంకమన్ను మెత్తబడి ఆ పట్టు సడలుతుంది. బ్రిటన్‌లోని 35 రకాల ఇసుకరాళ్ళను తడిపి పరీక్షించిన ఫలితాలు 1992లో వచ్చాయి. కొన్ని 8 శాతం బలమే కోల్పోతే, కొన్ని ఏకంగా 78 శాతం కోల్పోయాయి.

మన ఊళ్ళలో మట్టిగోడలు వాన వెలిశాక కూడా కూలుతుంటాయి కదా, ఇదీ అలాంటిదే. ఎడారి గాలికి రాతి పైపొర గంటల్లో ఆరిపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. కంటికి పొడిగా కనిపించే సన్నటి అంచు చెయ్యి వేయగానే పెళ్ళలా ఊడొస్తుంది. జారితే కింద పడకుండా తాడును ఆపడానికి పగుల్లో బిగించిన పరికరం కూడా రాయిని చీల్చుకుని రావచ్చు. మంచు మరీ మోసం చేస్తుంది: వాన చాలావరకు జారిపోతుంది, కరిగే మంచు మాత్రం బొట్టుబొట్టుగా ఇంకుతుంది. అందుకే వాన వెలిశాక 24 నుంచి 72 గంటలు ఆగమంటారు. మబ్బు పట్టి చలిగా ఉంటే ఇంకా ఎక్కువే.

గంటల లెక్కకన్నా నమ్మదగింది గోడ మొదట్లోని నేల. వేళ్ళతో గీకి చూడండి. పైన దుమ్ములా పొడి ఇసుక ఉన్నా, రెండంగుళాల లోతున రంగు ముదిరి, చల్లగా వేళ్ళకు అంటుకుంటే రాయి లోపలా తడి ఉన్నట్టే అనుకోవాలి.

హైదరాబాద్ బండల మీద నేర్చుకున్నవాళ్ళకు ఇదంతా వింతగా అనిపిస్తుంది. అది గ్రానైట్. స్ఫటికాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, నీరు ఇంకే సందు చాలా తక్కువ, పైతడి ఆరితే చాలు. సెలవు రెండు రోజులే, టికెట్లు కొనేశాం, ఇప్పుడు వాన పడింది అన్న బాధ చిన్నది కాదు. అయినా ఇసుకరాతి మీద చెయ్యి వేయకండి, చేతికి ఆసరా ఇచ్చే అంచు విరిగితే మళ్ళీ మొలవదు. కారెక్కితే మూడు నాలుగు గంటల్లో కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్క్ వస్తుంది, అక్కడిది గ్రానైట్ జాతి రాయే.