2038 గడియారం వెనక 1772 నాటి లెక్క

2038 జనవరి 19, మన టైం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. పాత 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే గడుల) పద్ధతిలో టైం లెక్కపెట్టే కంప్యూటర్లకు అదే ఆఖరి సెకను. 1970 జనవరి 1 నుంచి సెకను తర్వాత సెకను కూడుకుంటూ వచ్చిన లెక్క అప్పటికి 2,14,74,83,647కు చేరుతుంది. ఆ పైన చోటు లేదు. లెక్క మైనస్‌లోకి తిరగబడి, తేదీ 1901 డిసెంబరుకు పోతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది పాత టెన్షనే. కానీ ఈ సంఖ్య కంప్యూటర్లు పుట్టకముందే పేరు మోసింది. 2 ఘాతం 31లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. ఇలా 2 ఘాతాల్లోంచి ఒకటి తీస్తే ఎక్కడెక్కడ ప్రధాన సంఖ్య వస్తుందో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో 257వ ఘాతం దాకా జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 వదిలేశాడు. 31 మాత్రం ఒప్పే.

దాన్ని రుజువు చేసింది గణితవేత్త ఆయిలర్, 1772లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే వర్గమూలం దాకా, అంటే 46,340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 4,700కు పైనే. అంత పని అక్కర్లేదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య అంటూ ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1 మిగలాలి, 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63. ఈ జల్లెడలో నిలిచే ప్రధాన సంఖ్యలు వంద లోపే. మొదటిది 311: భాగిస్తే 35 మిగులుతుంది. తర్వాతది 1303: 226 మిగులుతుంది. చివరిదాకా ఏదీ నిశ్శేషంగా భాగించదు.

ఈ సంఖ్యను 2 ఘాతం 30తో గుణిస్తే, తాను తప్ప మిగతా భాజకాల మొత్తానికి సమానమయ్యే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. ఇంతకన్నా పెద్దది ఎవరూ కనుక్కోబోరని, ఇవి వింతలే తప్ప పనికొచ్చేవి కావని 1811లో ఇంగ్లండ్ గణితవేత్త పీటర్ బార్లో రాసేశాడు. 1876లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకా 2 ఘాతం 127 మైనస్ 1 దాకా వెళ్లాడు. ఆ ప్రధాన సంఖ్యలో 39 అంకెలు.

ఒక మాట చెప్పాలి: 2038 గొడవకూ ఇది ప్రధాన సంఖ్య కావడానికీ సంబంధం లేదు. 32 బిట్లలో ఒకటి ప్లస్-మైనస్ గుర్తుకు పోతే 31 మిగులుతాయి, అంతే. పరిష్కారంగా వాడుతున్న 64 బిట్ల గడియారం హద్దు, అంటే 2 ఘాతం 63 మైనస్ 1, ఏడుతో భాగింపబడుతుంది. అయినా దానికొచ్చిన లోటేమీ లేదు.

ప్రధానత్వం నిజంగా పనికొచ్చింది రాండమ్ నంబర్ల దగ్గర, అంటే ఏ వరసా లేనట్టు కనిపించే సంఖ్యలను కంప్యూటర్‌తో పుట్టించే చోట. 1988లో పార్క్, మిల్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక పద్ధతిని గట్టిగా సిఫారసు చేశారు: చేతిలో ఉన్న సంఖ్యను 16,807తో గుణించి, ఈ ప్రధాన సంఖ్యతో భాగించి, శేషాన్ని తీసుకోవడం. అలా పోతే 1 నుంచి 2,14,74,83,646 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే మొదటిది మళ్లీ వస్తుంది. భాగించేది ప్రధాన సంఖ్య కాకపోతే ఇది కుదరదు. తర్వాతి సంఖ్యను ఇట్టే ఊహించొచ్చు కాబట్టి పాస్‌వర్డ్‌ల్లాంటి వాటికి దీన్ని వాడకూడదు గానీ, సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది.