సముద్రం అడుగు మట్టి, పాత వాతావరణం: అపోహలు - వాస్తవాలు

పాత సముద్రాల రసాయన శాస్త్రం మీద పని చేస్తానని చెప్పగానే నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒకటే రకం. కొన్ని నిజమైన సందేహాలు, కొన్ని ఎక్కడో చదివి నమ్మేసినవి. తరచూ వినేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: లక్షల ఏళ్ల కిందటి సముద్రం ఎంత వెచ్చగా ఉందో ఎవరు చూశారు? అంతా ఊహే.

చూసిన మనిషి లేడు, నిజమే. కానీ ఆ నీళ్లలో బతికిన జీవులున్నాయి. ఫోరమినిఫెరా అనే ఏకకణ జీవులు, మేం ఫోరామ్స్ అంటాం, సముద్రపు నీటి నుంచే సరుకు తీసుకుని తమ చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయి. చచ్చాక ఆ గుల్లలు అడుగుకు చేరి పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఓడ మీంచి గొట్టం దించి తీసిన మట్టి కోర్‌లో ఒక సెంటీమీటరు ముక్క కోసి, 63 మైక్రాన్ల జల్లెడలో కడిగితే మిగిలేది తెల్లటి సన్న ఇసుకలా ఉంటుంది, మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం అందులో చాలా గింజలు గుల్లలే, గుండ్రటి గదులు ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న బుడగల గుత్తుల్లా కనిపిస్తాయి. తడిపిన సన్న కుంచె కొనకు అంటించుకుని, ఒకే జాతివి, ఒకే సైజువి ఏరతాం. గంటల తరబడి ఇదే పని.

ఆ గుల్లలో రెండు రకాల ఆక్సిజన్ ఉంటుంది, తేలికపాటి 16, బరువైన 18. నీళ్లు చల్లగా ఉంటే గుల్లలోకి బరువైనది కాస్త ఎక్కువ చేరుతుంది, డిగ్రీకి సుమారుగా వెయ్యిలో 0.2 వంతు. ఇంత చిన్న తేడాను కూడా మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే పరమాణువులను బరువును బట్టి వేరు చేసే యంత్రం, నమ్మకంగా పట్టుకుంటుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన కథ కూడా అదే. మంచుయుగంలో ఖండాల మీద పేరుకున్న మంచు తేలికపాటి ఆక్సిజన్‌ను ఎక్కువగా తీసుకెళ్లిపోతుంది, దాంతో సముద్రంలో మిగిలిన నీరే బరువెక్కుతుంది. అంటే చలీ, మంచూ రెండూ సూదిని ఒకే వైపు నెడతాయి. 1955లో చెజారే ఎమిలియాని అనే శాస్త్రవేత్త, పై నీటిలో బతికే ఫోరామ్స్ గుల్లల్లో కనిపించిన ఆ మార్పులో ఎక్కువ భాగం ఉష్ణోగ్రతదే అనుకున్నాడు. 1967లో నికొలస్ షాకిల్టన్ సముద్రం అడుగున బతికే ఫోరామ్స్‌లో కూడా దాదాపు అంతే మార్పు ఉందని చూపించాడు. అడుగు నీరు ఇప్పటికే గడ్డకట్టే చలికి దగ్గరలో ఉంటుంది, ఇంకా ఎంతని చల్లబడుతుంది? కాబట్టి ఆ మార్పులో పెద్ద వాటా మంచుదే. ఊహ అయితే ఇలా తప్పని తేల్చడం కుదిరేదే కాదు.

ఉష్ణోగ్రతను విడదీయడానికి ఇప్పుడు అదే గుల్లలో మెగ్నీషియం కూడా కొలుస్తాం. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే కాల్షియంతో పోల్చినప్పుడు మెగ్నీషియం సుమారు 9 శాతం పెరుగుతుంది. రెండూ కలిపి చూస్తే మంచు ఎంత, వేడి ఎంత అన్నది తేలుతుంది.

అపోహ: గుల్లను మెషిన్‌లో వేస్తే ఉష్ణోగ్రత వచ్చేస్తుంది.

మెషిన్ ఇచ్చేది నిష్పత్తి. అది నీటి కబురో, మురికి కబురో తేల్చాల్సింది మనమే. నా మొదటి ఏళ్లలో ఒక బ్యాచ్‌లో వరసగా 3 డిగ్రీలు ఎక్కువ వచ్చింది. కొత్త విషయం దొరికిందనుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు బంకమట్టికి గుర్తైన అల్యూమినియం కొలతల కాలమ్ చూస్తే అదే శాంపిళ్లలో అది బాగా పెరిగి ఉంది. గుల్ల గదుల్లో బంకమట్టి ఉండిపోయింది, మట్టిలో మెగ్నీషియం దండిగా ఉంటుంది, దానివల్ల మెగ్నీషియం 30 శాతం పెరిగినా 3 డిగ్రీల వేడిలా కనిపిస్తుంది. అప్పటినుంచి గుల్లలను రెండు గాజు పలకల మధ్య మెల్లగా చిదిపి, నీళ్లతో, మిథనాల్‌తో అల్ట్రాసౌండ్‌లో ఎన్నిసార్లు కడిగినా విసుగనిపించదు.

కడిగితే పోని మురికీ ఉంది. లక్షల ఏళ్లు అడుగున ఉన్న గుల్ల కరిగి, అక్కడి చల్లని నీటిలోనే మళ్లీ స్ఫటికమవుతుంది, ఆకారం మారదు కానీ రసాయనం మారిపోతుంది. దీనివల్లే చాలాకాలం ఇయోసీన్ (సుమారు 5.6 నుంచి 3.4 కోట్ల ఏళ్ల కిందటి కాలం) నాటి ఉష్ణమండల సముద్రాలు అనుమానించాల్సినంత చల్లగా ఉన్నట్టు లెక్కలు వచ్చేవి, ధ్రువాలేమో వెచ్చగా. 2001లో టాంజానియా బంకమట్టిలో గాజులా పారదర్శకంగా నిలిచిన గుల్లలను కొలిస్తే ఆ సముద్రాలు నిజానికి బాగా వెచ్చగా ఉండేవని తేలింది. అందుకే గుల్ల ఏరేటప్పుడు గాజులా ఉందా, పంచదార పూత పూసినట్టు ఉందా అన్నది ముందు చూడాలి, మిగతాదంతా తర్వాత.

అపోహ: కోర్‌లో ప్రతి ఏడాదికీ లెక్క ఉంటుంది.

చాలా చోట్ల ఉండదు. నడిసముద్రంలో 1000 ఏళ్లకు కొన్ని సెంటీమీటర్లే పేరుకుంటుంది, పైగా పురుగులు పై 10 సెంటీమీటర్లను తవ్వి కలిపేస్తుంటాయి. ఏటికేడు పొరలు కావాలంటే వెనెజువెలా దగ్గరి కరియాకో బేసిన్ లాంటి, అడుగున ఆక్సిజన్ లేక పురుగులు బతకలేని చోట్లకే వెళ్లాలి.

అపోహ: పాత రికార్డుల్లో ముందు వేడి, తర్వాతే కార్బన్ డయాక్సైడ్. కాబట్టి గ్యాస్ కారణం కాదు.

ఈ వాదన అంటార్కిటికా ఉష్ణోగ్రత ఒక్కటే చూసి పుట్టింది. మంచుయుగం ముగియడానికి మొదటి తోపు భూకక్ష్య మార్పుల నుంచి వచ్చింది, సముద్రం వేడెక్కి గ్యాస్‌ను వదిలింది, ఆ గ్యాస్ వేడిని ఇంకా పెంచింది. 2012లో ప్రపంచం నలుమూలల నుంచి 80 రికార్డులు కలిపి చూస్తే, ప్రపంచ సగటు ఉష్ణోగ్రత కార్బన్ డయాక్సైడ్ వెనకాలే పెరిగినట్టు కనిపించింది. కోడి ముందా గుడ్డు ముందా అని ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పని లేదు, రెండూ జరిగాయి.

అపోహ: వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, ఇప్పుడూ అంతే.

మారుతూనే ఉందని చెప్పిందే మా కోర్లు, కాబట్టి అవే చెప్పే మిగతా మాట కూడా వినాలి. 20,000 ఏళ్ల కిందట గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 190 పీపీఎం (పది లక్షల భాగాల్లో 190), పరిశ్రమలు రాకముందు 280, ఇప్పుడు 420 దాటింది. మొదటి పెరుగుదలకు కొన్ని వేల ఏళ్లు పట్టింది, రెండోదానికి రెండు శతాబ్దాలకు కాస్త అటూ ఇటూగా సరిపోయింది. ఇది అగ్నిపర్వతాల పని కాదని కార్బన్ ఐసోటోపులే (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలే) చెబుతాయి: మొక్కలూ, సముద్రపు సూక్ష్మ నాచూ తేలిక కార్బన్‌ను ఇష్టపడతాయి, బొగ్గూ చమురూ వాటి నుంచే వచ్చాయి, వాటిని కాలుస్తున్నందుకే గాలిలో బరువైన కార్బన్ 13 వాటా తగ్గుతూ వస్తోంది.

దీనికి పోలిక వెతకాలంటే 5.6 కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పట్లో వేల ఏళ్ల పాటు కార్బన్ వెలువడి భూమి 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కింది. చాలా అంచనాల ప్రకారం ఆ వేగం ఏడాదికి 100 కోట్ల టన్నుల దరిదాపుల్లోనే ఉంది. ఇప్పుడు మనం ఏడాదికి 1000 కోట్ల టన్నుల దాకా వదులుతున్నాం. దక్షిణ అట్లాంటిక్‌లోని వాల్విస్ రిడ్జ్ నుంచి 2003లో తీసిన కోర్లలో ఆ కాలం కంటికే కనిపిస్తుంది. కింద నుంచి పైకి చూస్తూ వస్తే సున్నపు గుల్లల లేత రంగు మట్టి ఒక్కసారిగా ఆగిపోయి ఎర్రటి బంకమట్టి మొదలవుతుంది. సముద్రం ఆమ్లమెక్కి గుల్లలు కరిగిపోయిన గీత అది. అక్కడ జల్లెడ పట్టినా ఏరడానికి దాదాపు ఏమీ దొరకదు. ఆ తర్వాత మట్టి కొద్దికొద్దిగా మళ్లీ తెల్లబడుతుంది, సముద్రం పూర్తిగా కోలుకునేసరికి లక్ష ఏళ్లు దాటింది.