జైలు సందర్శన మీద అపోహలు - వాస్తవాలు

నేను న్యాయవాదిని. లాయరును పెట్టుకోలేనివాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ తరఫున పదకొండేళ్లుగా సబ్ జైళ్లకూ సెంట్రల్ జైలుకూ వెళ్తున్నాను. పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో ఈ సంగతి చెప్పగానే ఎదుటివాళ్లు అవే ఐదారు మాటలు అంటారు. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: నేరస్థుల బాగోగులు మనకెందుకు?

వాస్తవం: జైల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఇంకా శిక్షే పడలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు. ఇక శిక్ష పడినవాళ్లంటారా, కోర్టు తీసేసింది వాళ్ల స్వేచ్ఛను. దెబ్బలు తినాలనీ, మందులు లేకుండా ఉండాలనీ ఏ తీర్పులోనూ రాసి ఉండదు.

అపోహ: జైలు గేటు దాటాక హక్కులేముంటాయి?

వాస్తవం: ఈ ప్రశ్న మన నేల మీద నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. విశాఖపట్నం సెంట్రల్ జైలు గోడ మీది కరెంటు తీగ గురించి నక్సలైటు ఖైదీలు వేసిన కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే కోర్టు చెప్పింది. మరొకటి కోయిలకుంట్ల సబ్ జైలు కేసు. 1977 మే నెలలో తెల్లవారుజామున తండ్రీకొడుకులున్న గదిలోకి బాంబు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా తగిన కాపలా పెట్టలేదు. సార్వభౌమాధికారం పేరు చెప్పి, అంటే ప్రభుత్వం మీద దావా కుదరదని వాదించి, ప్రభుత్వం తప్పించుకోలేదని, పరిహారం కట్టాల్సిందేనని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: ఫిర్యాదులు లేవంటే ఆ జైలు బాగున్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. వార్డర్ పక్కన నిలబడి ఉంటే ఎవరైనా "ఏం ఇబ్బంది లేదు మేడమ్" అనే అంటారు. మనం గేటు దాటి వెళ్లిపోతాం, రాత్రికి వాళ్లు అక్కడే పడుకోవాలి. లాయరు ఖైదీతో మాట్లాడేటప్పుడు సిబ్బందికి కనపడొచ్చు కానీ వినపడకూడదని ఖైదీలను ఎలా చూడాలనే దానిపై ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు చెబుతాయి. నేను ఎప్పుడూ ఒక్కరితో మాట్లాడి రాను. బ్యారక్‌లో పది మందితోనైనా మాట్లాడతాను, ఏ మాట ఎవరు చెప్పారో తెలియకుండా ఉండాలి కదా. "ఇబ్బందులేమైనా ఉన్నాయా" అని కూడా అడగను. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు, బాత్రూముకు లేస్తే ఎంతమందిని దాటుకుని వెళ్లాలి, ఆ బాత్రూము కడిగేది ఎవరు అని అడుగుతాను. చివరి ప్రశ్న ఊరికే అడిగేది కాదు. కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచడం చెల్లదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది అమలవుతోందో లేదో తనిఖీ చేసే బాధ్యత న్యాయ సేవాధికార సంస్థలకూ, జైలు సందర్శకుల బోర్డులకూ అప్పగించింది.

ఒక సబ్ జైల్లో షుగర్ ఉన్న పెద్దాయన ఒకరు రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పట్టి సొమ్మసిల్లిపోయేవాడు. రిజిస్టర్ తిరగేస్తే రోజూ ఇన్సులిన్ ఇచ్చినట్టే ఉంది. నిజంగానే ఇస్తున్నారు కూడా. "అన్నం ఎన్నింటికి తింటారు పెద్దాయనా?" అని అడిగాను. "ఎనిమిదింటికమ్మా, ఇంటి దగ్గరా అదే అలవాటు" అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆరింటికి బ్యారక్‌లకు తాళాలు వేస్తారు కాబట్టి అన్నం ఐదింటికే వస్తుంది. కాంపౌండర్ కూడా ఐదింటికే ఇంజెక్షన్ చేసి వెళ్లిపోతాడు. ఈయన కంచం మీద మూత పెట్టి మూడు గంటలు ఖాళీ కడుపుతో కూర్చుంటున్నాడు. ఇన్సులిన్ పడ్డాక తినకపోతే షుగర్ బాగా పడిపోతుంది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ లంచం అడగలేదు. అయినా ఏదో ఒక రాత్రి ప్రాణం పోయేదే. సూది పడగానే తినాలని ఆయనకూ, పక్కనున్న కుర్రాడికీ చెప్పాం. తర్వాతి నెల వెళ్లి ముందు ఆయన్నే చూశాను.

అపోహ: సీసీ కెమెరాలు వచ్చాక మనుషులు వెళ్లి చూడక్కర్లేదు.

వాస్తవం: ప్రతి పోలీస్ స్టేషన్‌లో, లాకప్‌తో సహా, రాత్రి పూట కూడా కనపడేలా, మాటలు వినపడేలా కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. రికార్డు 18 నెలలు ఉంచాలంది. మంచి ఆదేశం. కానీ ఆ పెద్దాయన జబ్బు ఏ కెమెరాకూ అందేది కాదు.

అపోహ: జైలు సిబ్బందిని ఇరికించడానికే వెళ్తారు.

వాస్తవం: వందల మందికి రాత్రి డ్యూటీలో ముగ్గురు నలుగురు ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? నా నివేదికల్లో సిబ్బంది ఖాళీలూ ఉంటాయి. కొట్టినవాళ్ల సంగతి వేరు, అది దాచను.

అపోహ: బెయిల్ వచ్చిందంటే మనిషి ఇంటికొచ్చినట్టే.

వాస్తవం: జామీను ఇచ్చేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లను ప్రతి నెలా చూస్తాను. ఒకసారి ఓ వలస కూలీకి తనకు బెయిల్ వచ్చిందనే తెలియదు, నేను చెబితే రెండుసార్లు అడిగాడు. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ ఆ సంగతి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. నెలలోపు జామీను కుదరకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను పరిశీలించవచ్చు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కాకుండా వేరే కేసులో ఉన్నవాళ్లు, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడకుండా, ఇంకే కేసూ లేకుండా, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే వాళ్ల విడుదలకు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఇది నేర విచారణ పద్ధతులు చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్.

మీవాళ్లెవరైనా లోపల ఉంటే ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరు దొరుకుతారు. కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు అది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. జైలు పేరు, కేసు నంబరు, ఆ మనిషి రోజూ వేసుకునే మందుల పేర్లు దగ్గర పెట్టుకుని చేయండి.