ఆ రాయి పది మీటర్ల పక్కన పడాలి

ఆర్థర్ సి. క్లార్క్ 1973లో రాసిన 'రాందెవూ విత్ రామా' నవలను డెనీ విల్నెవ్ సినిమాగా తీస్తాడని 2021 డిసెంబరులో ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి ఎదురుచూస్తూనే ఉన్నాను. మధ్యలో ఆయన డ్యూన్ రెండో భాగం తీశాడు, మూడో భాగం 2026 డిసెంబరుకి అన్నారు, 2025 జూన్‌లో జేమ్స్ బాండ్ సినిమా కూడా ఆయనకే అప్పజెప్పారు. అంటే రామా వరసలో ఇంకా వెనక్కి జరిగినట్టే. అసలు ఈ నవల సినిమా అవుతుందన్న మాట కొత్తదేమీ కాదు. నటుడు మోర్గాన్ ఫ్రీమన్ నిర్మాణ సంస్థ ఏళ్ల తరబడి దీన్ని పట్టుకుని కూర్చుంది, ఒకప్పుడు దర్శకుడిగా డేవిడ్ ఫించర్ పేరు కూడా వినిపించింది. ఇన్నేళ్లు ఆగాం, ఇంకొన్నేళ్లు ఆగుతాం. నా టెన్షన్ అది కాదు. ఈ కథలో హీరో మనిషి కాదు, ఫిజిక్స్. ఆ హీరోని తెర మీద ఎలా చూపిస్తారన్నదే నా బెంగ.

చదవనివాళ్ల కోసం కథ కొంచెం చెప్తాను, ముగింపు చెప్పను. 22వ శతాబ్దంలో సౌరకుటుంబం బయటి నుంచి ఏదో ఒకటి దూసుకొస్తూ కనిపిస్తుంది. ముందు గ్రహశకలం అనుకుంటారు. అప్పటికే గ్రీకు, రోమన్ పురాణాల్లోని పేర్లన్నీ గ్రహశకలాలకి పెట్టేసి ఉంటారు, ఇక హిందూ పురాణాల్లోకి వచ్చి ఉంటారు, అలా దీనికి 'రామా' అని పేరు పడుతుంది. దాన్ని దగ్గరగా ఫొటో తీయడానికి అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ నుంచి ఒక చిన్న నౌకను పంపుతారు. ఆ నౌక పేరు సీత! మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ అది, అట్ట కూడా సరిగ్గా లేదు. క్లార్క్ 1956 నుంచి శ్రీలంకలోనే ఉన్నాడు, 2008లో అక్కడే పోయాడు. లంకలో కూర్చుని ఈ పేర్లు పెట్టాడన్నమాట. ఆయనకి మనతో ఇంకో బంధం కూడా ఉంది. ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతా సమాచారం పంపొచ్చని 1945లోనే ఆయన రాస్తే, 1975లో ఇస్రో ఆ పద్ధతిలోనే 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు చేర్చింది. ఆ పల్లెలున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రసారాలు చూడ్డానికి కొలంబోలో క్లార్క్ ఇంటి మీద కూడా ఇస్రోవాళ్లే డిష్ పెట్టి ఇచ్చారు.

సరే, సీత తీసిన ఫొటోల్లో కనిపించింది రాయి కాదు. 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం ఉన్న, నున్నటి సిలిండర్. నాలుగు నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. ఆ తిరుగుడు సంగతి ఫొటోల కంటే ముందే, దాని వెలుతురులో వచ్చే చిన్న చిన్న మార్పుల్ని బట్టి ఖగోళ శాస్త్రవేత్తలు పట్టేస్తారు, పట్టేసి కంగారు పడతారు. ఆ కంగారుకి కారణం ఉంది. నిజమైన గ్రహశకలాల్లో రెండు వందల మీటర్లు దాటినవి చాలావరకు రాళ్లు, మట్టి వదులుగా కలిసిన గుట్టల్లాంటివి. అవి రెండుంపావు గంటల కంటే వేగంగా ఒక చుట్టు తిరిగితే వాటి గురుత్వం వాటిని పట్టి ఉంచలేదు, ఊడి చెదిరిపోతాయి. అలాంటిది ఇరవై కిలోమీటర్ల వెడల్పున్న వస్తువు నాలుగు నిమిషాల్లో తిరిగిందంటే అది రాళ్లగుట్ట అయ్యే ప్రశ్నే లేదు, ఎవరో గట్టిగా కట్టిన వస్తువు అయి ఉండాలి.

ఆ సిలిండర్ లోపల బోలు. లోపలి గోడే నేల. నుమాయిష్‌లో మౌత్ కా కువా చూసే ఉంటారు, చెక్కబావి గోడ మీద బైకు పడిపోకుండా గిర్రున తిరుగుతుంది కదా. అక్కడ బైకు తిరుగుతుంది, ఇక్కడ బావే తిరుగుతుంది. మీరు సూటిగా పోవాలని చూస్తుంటే గోడ మిమ్మల్ని లోపలికి నెడుతూ ఉంటుంది, ఆ నెట్టడమే మీ పాదాలకి బరువులా తెలుస్తుంది. లోపలి వ్యాసం 16 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలకి ఒక చుట్టు అని లెక్క కడితే నేల మీద బరువు భూమి మీద ఉండేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఇక్కడ 70 కిలోలు తూగేవాళ్లు అక్కడ 40 కిలోల దాకా తూగుతారు. నేల వేగం గంటకి 750 కిలోమీటర్లు, కానీ లోపలున్నవాళ్లకి కదులుతున్నట్టే ఉండదు.

ఇంత పెద్దగా ఎందుకు కట్టాలి అంటే, చిన్నగా కట్టి వేగంగా తిప్పితే తల తిరుగుతుంది కాబట్టి. నిమిషానికి రెండు చుట్ల లోపైతే చాలామందికి పెద్ద ఇబ్బంది ఉండదని ప్రయోగాల్లో తేలింది. ఆ వేగంలో భూమి మీదున్నంత బరువు కావాలంటే 224 మీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం కావాలి. ఇప్పుడున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొత్తం పొడవే 109 మీటర్లు. రామా నిమిషానికి పావు చుట్టే తిరుగుతుంది, అంచేత అందులో నడిచేవాళ్లకి ఏ తేడా తెలియదు, ఏదైనా విసిరితేనో ఎత్తు నుంచి వదిలితేనో తప్ప.

సినిమాలో నేను మొదట వెతికేది ఆ తేడానే. రామా లోపల వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక రాయి వదిలారనుకోండి. చేయి వదిలిన క్షణం నుంచి దాన్ని ఏదీ పట్టుకుని లేదు, అప్పటికున్న వేగంతో సూటిగా పోతుంది, కింద నేల మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రాయి నేలని చేరడానికి ఆరు సెకన్లు పడుతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను, అది సరిగ్గా కింద పడదు, రామా తిరిగే దిశకి వెనక్కి దాదాపు 10 మీటర్ల దూరంలో పడుతుంది. మన దగ్గర కూడా భూమి తిరుగుతోంది కాబట్టి ఇలా పక్కకి జరగడం ఉంటుంది, కాకపోతే అదే వంద మీటర్లకి రెండు సెంటీమీటర్లు, అదీ తూర్పుకి. రెండు సెంటీమీటర్లు ఎవరికీ కనిపించవు. పది మీటర్లంటే మనుషులు చచ్చే తేడా. రామాలో నీళ్లు కిందికి దూకినా, ఎవరైనా ఎత్తు నుంచి పడినా ఇలా పక్కకి జరగడం కనిపించి తీరాలి. దీన్ని ఎవరూ డైలాగుల్లో వివరించక్కర్లేదు, ఊరికే జరిగితే చాలు, చూసినవాళ్లకి ఇక్కడ ఏదో వేరేగా ఉందని ఒళ్లు జలదరిస్తుంది.

మెట్ల సంగతి కూడా అంతే. రామాని చూడ్డానికి వెళ్లిన కమాండర్ నార్టన్ బృందం సిలిండర్ మూత మధ్యలోంచి, అంటే ఇరుసు దగ్గర లోపలికి వస్తుంది. అక్కడ బరువు సున్నా. అక్కడి నుంచి నేల దాకా ఎనిమిది కిలోమీటర్లు దిగాలి. దిగినకొద్దీ బరువు పెరుగుతుంది, సగం దూరం దిగితే నేల మీదుండే బరువులో సగం. దిగేటప్పుడు సుఖం, తిరిగి ఎక్కేటప్పుడు మొదట్లో నరకం, పోనుపోను హాయి. మన కొండ మెట్లకి సరిగ్గా తలకిందులు. నటులు ప్రతి వంద మెట్లకి నడక కొంచెం మార్చుకుంటూ రావాలి, అది ఎలా షూట్ చేస్తారో నాకు చాలా కుతూహలంగా ఉంది. పైగా అక్కడ నిలబడ్డవాడి మనసు ఆడే ఆట ఒకటుంది. యాభై కిలోమీటర్ల ఆ బోలుని అడ్డంగా పడుకున్న సొరంగం అనుకోవచ్చు, నిలువునా తెరుచుకున్న బావి అంచున ఉన్నాననీ అనుకోవచ్చు. రెండోది అనుకున్నవాడికి కాళ్లు ఆడవు. ఏది పైన ఏది కింద అన్నది అక్కడ మనం పెట్టుకున్నదే. మంచి కెమెరామన్‌కి ఇంతకంటే ఏం కావాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ సముద్రం. సిలిండర్ నడుం చుట్టూ వడ్డాణంలా ఒక సముద్రం ఉంటుంది, పది కిలోమీటర్ల వెడల్పు. తలెత్తి చూస్తే నెత్తి మీద కూడా అదే సముద్రం. మొదట గడ్డకట్టి ఉంటుంది. రామా సూర్యుడికి దగ్గరవుతుంటే బయటి పెంకు వేడెక్కుతుంది, ఆ వేడి లోపలికి వచ్చేది నేల కింద నుంచి కాబట్టి మంచు పైనుంచి కాకుండా అడుగు నుంచి కరుగుతుంది. ఇంకో సంగతి, నార్టన్ బృందం లోపలికొచ్చిన వైపుని ఉత్తరం అనుకుంటే, ఆ సముద్రానికి ఉత్తరపు ఒడ్డు 50 మీటర్ల ఎత్తే, దక్షిణపు ఒడ్డు మాత్రం 500 మీటర్ల నిలువు గోడ. ఎందుకు? ఆటో సర్రున కదిలితే చేతిలో టీ గ్లాసు ఏ వైపు తొణుకుతుందో ఆలోచించండి. రామా వేగం పెంచిన రోజున నీళ్లన్నీ దక్షిణానికి ఎగబాకుతాయి, అవి పొంగి ఊళ్ల మీద పడకుండా కట్టినవాళ్లు ముందే గోడ లేపారు. అంటే ఆ గోడ ఎత్తు చూసి దీనికి ఎక్కడో ఇంజను ఉందనీ, అది ఎంత బలంగా తోయగలదో కూడా లెక్క కట్టొచ్చు. ఒక గ్రహాంతరవాసి కూడా ఎదురుపడకుండానే, వాళ్లు కట్టిన గట్టుని చూసి వాళ్ల ఆలోచన పట్టుకోవడం! నేను చదివిన కథల్లో ఇంతకంటే గొప్ప డిటెక్టివ్ పని లేదు.

వేడెక్కిన గాలి సంగతి కూడా ఇందులోదే. నేలని ఆనుకున్న గాలి నేలతో పాటు గంటకి 750 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది, అది వేడెక్కి ఇరుసు వైపు లేస్తే ఆ వేగాన్ని వెంట తీసుకుపోతుంది, అక్కడి గాలి మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది. రెండూ కలిసిన చోట తుఫానే. అది వస్తుందని లోపలున్నవాళ్లకి ముందుగా కబురు చేసేది దూరాన కూర్చుని లెక్కలు వేసుకున్న శాస్త్రవేత్తలు. విశాఖలో తుఫాను హెచ్చరికలు విన్నవాళ్లకి ఈ ఘట్టం వేరే రకంగా తాకుతుంది.

ఇదంతా తెరమీద చేయొచ్చా అంటే, 1968లోనే చేశారు. క్లార్క్, స్టాన్లీ క్యూబ్రిక్ కలిసి రాసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం 38 అడుగుల వ్యాసం, 30 టన్నుల బరువున్న చక్రం నిజంగా కట్టి తిప్పారు, నటుడు అడుగున పరుగెడుతుంటే సెట్టు ఆయన చుట్టూ తిరిగింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజులవి. ఇప్పుడు డబ్బుకీ గ్రాఫిక్స్‌కీ లోటు లేదు. లోటు ఎక్కడ వస్తుందని నా భయమంటే, ఓపిక దగ్గర. ఈ నవలలో విలన్ లేడనే చెప్పాలి. పాత్రలు పల్చగా ఉంటాయి, అది నేనూ ఒప్పుకుంటాను. వందల కోట్లు పెట్టినవాళ్లు ఊరుకుంటారా? నార్టన్‌కి చనిపోయిన కూతురొకటి, ఫ్లాష్‌బ్యాక్ ఒకటి, చివర్లో ఒక యుద్ధం తగిలిస్తారేమో. తర్వాత జెంట్రీ లీ అనే రచయితతో కలిసి క్లార్క్ తెచ్చిన కొనసాగింపు నవలల్లో రామా ఎవరిది, ఎందుకు అన్నవాటికి జవాబులు దొరుకుతాయి, వాటిలోంచి తెచ్చి ఇందులో కలిపినా మొదటి నవల బలం పోతుంది. మనుషులు వెళ్లారు, చూశారు, కొంత అర్థమైంది, చాలా అర్థం కాలేదు, టైము అయిపోయింది. అది అలాగే ఉండాలి.

ఈ లోపు బయట ఇంకో పని జరిగింది. నవల వచ్చిన 44 ఏళ్లకి, 2017 అక్టోబరు 19న, హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపుకి వేరే నక్షత్రం దగ్గర్నుంచి వచ్చిన మొదటి అతిథి దొరికింది. అప్పటికే అది సూర్యుణ్ణి చుట్టేసి వెళ్లిపోతోంది. దాని వెలుగు పది రెట్ల దాకా పెరుగుతూ తగ్గుతూ ఉండటంతో బాగా కోలగానో పల్చగానో ఉందని తేల్చారు, నవల్లో రామా విషయంలో చేసినట్టే వెలుతురు లెక్కలతోనే. దానికి రామా అని పేరు పెడదామన్న మాట కూడా వచ్చింది, చివరికి హవాయి భాషలో ఔమువామువా అన్నారు. పోతూ పోతూ అది సూర్యుడి గురుత్వం ఒక్కటే చెప్పగలిగినదాని కంటే కొంచెం ఎక్కువ తోపుతో కదిలింది. హార్వర్డ్‌కి చెందిన ఆవీ లోబ్ అది ఎవరో పంపిన, సూర్యకాంతి తోస్తే కదిలే తెరచాపలాంటిది కావచ్చన్నాడు. 2023లో ఇద్దరు శాస్త్రవేత్తలు, లోపలి మంచులో చిక్కుకున్న హైడ్రోజన్ వేడికి బయటికి తన్నుకురావడం వల్ల ఆ తోపు వచ్చి ఉండొచ్చని చూపించారు, నాకు అదే నమ్మదగ్గదిగా అనిపించింది. 2019లో క్రిమియాలో గెన్నడీ బోరిసోవ్ తను సొంతంగా తయారు చేసుకున్న టెలిస్కోపుతో రెండోదాన్ని పట్టుకున్నాడు. 2025 జులై 1న చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోపుకి మూడోది చిక్కింది, తోకచుక్కే, కానీ సూర్యుడికి ఇంకా ఎంతో దూరంలో ఉన్నప్పుడే సెకనుకి 58 కిలోమీటర్ల వేగం.

అట్లాస్ కట్టింది అతిథుల కోసం కాదు. భూమిని ఢీకొట్టే గ్రహశకలాలు వస్తుంటే ముందుగా హెచ్చరించడానికి. క్లార్క్ కథ మొదలయ్యేది సరిగ్గా అక్కడే. 2077లో ఒక పెద్ద ఉల్క ఉత్తర ఇటలీని నాశనం చేస్తుంది, ఇంకోసారి అలా జరగకూడదని మనుషులు 'స్పేస్‌గార్డ్' అనే కాపలా పెట్టుకుంటారు, ఆ కాపలాకే రామా కనిపిస్తుంది. 1992లో నాసా నిపుణులు నిజమైన ఆకాశపు కాపలా ఎలా ఉండాలో నివేదిక రాస్తూ ఆ పేరునే వాడుకున్నారు. ఇటలీకి ఏమీ కాకముందే మనం కాపలా పెట్టుకున్నాం, అంత వరకు మనం నవల కంటే నయం. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన 20 మీటర్ల రాయిని మాత్రం ఎవరూ ముందుగా చూడలేదు, సుమారు పదిహేను వందల మంది గాయపడ్డారు, ఎక్కువమందికి పగిలిన కిటికీ అద్దాలు గుచ్చుకున్నాయి.

అందుకే ఈ సినిమా ఇప్పుడొస్తే చూసేవాళ్లు 1973 నాటి పాఠకుల్లాంటివాళ్లు కారు. మూడు నిజమైన అతిథులు వచ్చి వెళ్లడం చూసినవాళ్లు. యూరప్ వాళ్లు కామెట్ ఇంటర్‌సెప్టర్ అని ఒక నౌక తయారు చేస్తున్నారు, 2029 ప్రాంతంలో పంపి అంతరిక్షంలో ఒకచోట ఆపి ఉంచుతారు, ఎక్కడికి వెళ్లాలో ముందుగా ఏమీ తేల్చుకోకుండానే. ఏదైనా కొత్త తోకచుక్కో, అదృష్టం ఉంటే మరో నక్షత్రం నుంచి వచ్చినదో కనిపిస్తే అప్పుడు కదులుతుంది. మన కాలపు సీత అదే అనుకుంటాను.

సినిమా మటుకు ఎప్పుడొచ్చినా ప్రసాద్స్ పెద్ద తెర మీదే చూడాలి, అదీ ముందే డిసైడ్ అయ్యాను. నార్టన్ లోపలికి అడుగుపెట్టేటప్పటికి రామా అంతా కటిక చీకటి. చేతిలో టార్చిలైటు వెలుతురు ఎంత దూరం వేసినా దేనికీ తగలదు. అప్పుడతను ఒక మంటబాణం వదులుతాడు, అది ఇరుసు వెంట అలా అలా పోతుంటే మొదటిసారి ఆ లోకం మొత్తం కనిపిస్తుంది, ఇరువైపులా పైకి లేచి నెత్తి మీద కలుసుకునే నేల, ఊళ్లలాంటి కట్టడాలు, నడుమ గడ్డకట్టిన సముద్రం. ఆ కొన్ని నిమిషాలు హాల్లో సంగీతం కూడా ఉండకూడదు, నార్టన్ ఊపిరి ఒక్కటే వినిపించాలి.