గాదెలు నిండిన గాల్, పట్టణాలు లేని జర్మేనియా

గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధం మొదలుపెట్టిన ఏడాదే, క్రీ.పూ. 58లో, రోమన్ సేనాని సీజర్ సైన్యానికి గోధుమలు నిండుకున్నాయి. రెండు రోజుల్లో సైనికులకు రేషన్ పంచాలి. అప్పటిదాకా హెల్వేటీ తెగ వెంటపడుతున్నవాడు ఆ పని ఆపి, 18 మైళ్ల దూరంలో ఉన్న బిబ్రాక్తె పట్టణం వైపు దారి మళ్లించాడు. అక్కడ తిండిగింజలకు కొదవ లేదని అతనికి తెలుసు. ఇది సీజర్ స్వయంగా రాసుకున్న సంగతే. గాల్‌లోని కెల్టులు ఎనిమిదేళ్లలో రోమ్‌కి ఎందుకు లొంగిపోయారు, రైన్ నది అవతలి జర్మానిక్ తెగలు ఎందుకు లొంగలేదు అని అడిగితే, నేను ముందు ఈ గోధుమల సంగతే చెబుతాను.

బిబ్రాక్తె ఇప్పటి ఫ్రాన్స్‌లో మోన్ బవ్రే అనే కొండ మీద ఉండేది. ఏడుయి తెగకు అదే ముఖ్యపట్టణం. బయటి ప్రాకారం లోపల దాదాపు 200 హెక్టార్లు, అంటే సుమారు 500 ఎకరాలు. ఆ గోడ కట్టిన తీరు చూడండి. దుంగల్ని నేలబారుగా, ఒకదానికొకటి అడ్డంగా పేర్చి, అవి కలిసేచోట జానెడు పొడవున్న ఇనుప మేకు దిగ్గొట్టేవారు. సందుల్లో మట్టీ రాళ్లూ కూరి, ముందువైపు రాతికట్టు కట్టేవారు. దుంగలు ఎప్పుడో చీకిపోయాయి. తుప్పుపట్టిన మేకులు మాత్రం తవ్వకాల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి. ఒక్కో మేకునీ ఒక కమ్మరి కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగదీసి చేశాడు. ఆ కమ్మరికి బొగ్గు, ఇనుము తెచ్చేవాళ్లు కావాలి, అన్నం పెట్టే రైతూ కావాలి. ఇంత ఏర్పాటు ఉన్న జనాన్ని రోమన్లు ‘అనాగరికులు’ అని రాసిపెట్టారు. ఆ మాటని మనం ఇంకా మోస్తుండటం నాకు బాధగానే ఉంటుంది.

కానీ ఆ గాదెలే శత్రువుకీ పనికొచ్చాయి. క్రీ.పూ. 52లో రోమన్ల మీద తిరుగుబాటు నడిపిన గాల్ నాయకుడు వెర్సింగెటొరిక్స్ ఈ విషయం బాగా పసిగట్టాడు. రోమన్లకు గింజ దొరక్కూడదని ఒక్కరోజులో ఇరవైకి పైగా ఊళ్లు తగలబెట్టించాడు. అవారికమ్ (ఇప్పటి బూర్జ్) దగ్గరికి వచ్చేసరికి అక్కడి జనం కాళ్లావేళ్లా పడ్డారు. అంత అందమైన ఊరిని మా చేతులతో మేమే ఎలా కాల్చుకుంటాం అన్నారు. అతను మెత్తబడ్డాడు. సీజర్ ఆ పట్టణాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. సుమారు 40,000 మందిలో 800 మంది కూడా మిగల్లేదని అతనే రాశాడు. అలసిపోయిన అతని సైన్యానికి అక్కడ కడుపునిండా తిండి దొరికింది. అదే ఏడాది అలేసియాలో తిరుగుబాటు ముగిసింది.

రైన్ దాటితే లెక్క మారిపోతుంది. క్రీ.పూ. 55లో సీజర్ పది రోజుల్లో వంతెన కట్టి నది దాటాడు. ఎదురుగా సైన్యం లేదు, పట్టణం లేదు. సుగాంబ్రి తెగవాళ్లు సామాను సర్దుకుని అడవుల్లోకి వెళ్లిపోయారు. ఖాళీ పల్లెలు కాల్చి, పంట కోయించి, 18 రోజులకి వెనక్కి వచ్చాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ దాటాడు. ఈసారి, జర్మన్లు వ్యవసాయం పెద్దగా పట్టించుకోరు కాబట్టి తిండికి కటకట అవుతుందని తిరిగొచ్చేశాడు. ఈ మాట పూర్తిగా నిజం కాదు. ఉత్తర సముద్రతీరంలో ఫెడర్సెన్ వీర్డెలో తవ్వితే, ఒకే పొడవాటి కప్పు కింద ఒకవైపు మనుషులు, ఒకవైపు పశువులు ఉండే ఇళ్లు బయటపడ్డాయి. వాళ్లు రైతులే. కాకపోతే అవి చెదురుమదురు పల్లెలు. ఒక్కదాన్ని పట్టుకుంటే దేశమంతా చేతికొచ్చే ఊరు ఏదీ లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నదికి ఇటు కెల్టులు, అటు జర్మన్లు అన్నది చాలావరకు సీజర్ గీసిన గీత. రైన్‌కి తూర్పున, డాన్యూబ్ దగ్గర మాంచింగ్‌లో 380 హెక్టార్ల కెల్టిక్ పట్టణం ఉండేది.

పట్టణాలు లేకపోతే మేమే కడతాం అనుకున్నారు రోమన్లు. ఇప్పటి జర్మనీలోని వాల్డ్‌గిర్మెస్‌లో క్రీ.పూ. 4 ప్రాంతంలో కట్టడం మొదలైన ఊరు ఒకటి దొరికింది. అక్కడ నడిబొడ్డున సభాస్థలం కూడా కట్టారు. 2009లో అక్కడి పాత బావి అడుగున బంగారు పూత పూసిన కంచు గుర్రం తల బయటపడింది.

క్రీ.శ. 9లో ఆ ప్రయత్నం కూలిపోయింది. రోమన్ పౌరసత్వం పొంది, రోమన్ సైన్యంలోనే పనిచేసిన చెరుస్కి అనే జర్మానిక్ తెగ యువకుడు అర్మీనియుస్, రోమన్ సేనాని వారుస్‌ని నమ్మించి మూడు లీజియన్లని (రోమన్ సైన్యంలోని పెద్ద దళాలు) మట్టుబెట్టాడు. 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మెటల్ డిటెక్టర్‌తో జర్మనీలోని కాల్క్‌రీస దగ్గర వెతుకుతూ రోమన్ వెండి నాణేలు కనిపెట్టాడు. ఇది ఆ యుద్ధం జరిగిన చోటేనని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. గాల్‌లోని లియోన్‌లో ముద్రించిన రోమన్ చక్రవర్తి అగస్టస్ నాణేలు అక్కడ దొరికాయి. అదే రకం నాణేలు మన నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలోనూ ఉన్నాయి.

కాల్క్‌రీస నేలలో ఒక కంచర గాడిద అస్థిపంజరం కూడా దొరికింది. మెడలో కంచు గంట ఉంది. గంట మోగకుండా లోపల గడ్డి కుక్కారు. రెండు వేల ఏళ్లు గడిచినా ఆ కాడలు ఏ మొక్కలవో గుర్తుపట్టగలిగారు. అవి వోట్స్, బఠానీ. అక్కడి ఏ రైతు చేలోంచో, నడుస్తూ నడుస్తూ గబగబా పీకినవి కాబోలు.