పంచనామా కథ: ఠాణాలో రాసింది హైకోర్టులో తేలేదాకా

వరంగల్, కరీంనగర్ సెషన్స్ కోర్టుల్లో చూసిన సాక్షి లేని హత్య కేసు కట్ట విప్పితే దాదాపు ప్రతిదాంట్లో ఒక కాగితం ఉంటుంది. అదే నేరాంగీకార, స్వాధీన పంచనామా. ముద్దాయి నేరం ఒప్పుకుండని, అతను చెబితే ఫలానా వస్తువు దొరికిందని పోలీసులు ఇద్దరు సాక్షుల ముందు రాసే కాగితం ఇది. ఆంధ్ర వైపు దీన్ని మధ్యవర్తుల నివేదిక అంటారు. అమాయకుణ్ని జైలుకు పంపేది చాలాసార్లు ఇదే, పై కోర్టులో కేసు కూలేదీ చాలాసార్లు దీని దగ్గరే. అందుకే దీని పుట్టుక తెలిసి ఉండాలె.

పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోనే రాశారు. కస్టడీలో ఎవరి ముందు ఒప్పుకున్నా మేజిస్ట్రేట్ ఎదురుగా లేకుంటే చెల్లదని 26 చెప్పింది. 27 మాత్రం ఒక సందు వదిలింది. ముద్దాయి చెప్పిన మాటతో ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సూటిగా సంబంధించిన మాట వరకు చెల్లుతుంది. ఆ సందు ఎంత వెడల్పో తేల్చింది గుంటూరు జిల్లా నుంచి బ్రిటిష్ కాలపు పై కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. 1947 లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పు ప్రకారం ‘ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తా’ అన్నది చెల్లుతుంది, ‘దాంతోనే పొడిచిన’ అన్నది చెల్లదు. నిజాం ఏలుబడిలోని మన జిల్లాలకు ఈ చట్టం 1951 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. ఇప్పుడు ఈ మూడు సెక్షన్లూ కలిసి, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ అయ్యాయి. సందు అట్లనే ఉంది.

ఉత్తర తెలంగాణ ఇంకో దశ కూడా చూసింది. ఉగ్రవాదాన్ని అణచడానికని తెచ్చిన 1987 టాడా చట్టం 15వ సెక్షన్ ఎస్పీ, ఆపై అధికారి ముందు ఒప్పుకున్నదాన్నే సాక్ష్యం చేసింది. 1995 మేలో దాని గడువు తీరేదాకా పల్లెల్లో ఆ పేరే భయం. ఆ రోజుల్లో పౌరహక్కుల కేసులు వాదించిన వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబర్ 7న వరంగల్‌లో చంపేశారు. మనిషిని ఎత్తుకపోయిన రోజే ఇంటివాళ్లు మేజిస్ట్రేట్‌కు టెలిగ్రామ్ కొట్టే అలవాటు అప్పటిదే. పోలీసులు అరెస్టును వారం తర్వాత జరిగినట్టు రాసినా, తపాలా ఆఫీసు ముద్ర మీది గంట అబద్ధం చెప్పదు. 2013 జూలైలో టెలిగ్రామ్ ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని చేయాల్సింది స్పీడ్ పోస్ట్ రసీదు, ఈమెయిల్.

పంచనామా ఎక్కడ చెడుతుందంటే, వరసలో. ముందు ఇద్దరు పంచులను, అంటే పంచనామా సాక్షులను, పిలవాలె. వాళ్ల ఎదుటనే ముద్దాయి తన మాటల్లో చెప్పాలె, ఆ మాటలు అట్లనే రాయాలె. అప్పుడే అందరూ కలిసి చోటుకు పోవాలె. 2022లో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో ఇదే వివరంగా చెప్పింది. ఠాణాల్లో జరిగేది తరచూ తలకిందులు. ముందే ఒప్పించి, తర్వాత పంచులను పిలిచి, కంప్యూటర్‌లో ఉన్న పాత పంచనామాలో పేర్లు మార్చి సంతకం పెట్టిస్తారు. ఒకే పంచు పది కేసుల్లో కనిపిస్తాడు. వస్తువు దొరికిన చోటు అందరూ తిరిగే చెలక అయినా, పోలీసులకు ఆ చోటు ముందే తెలిసినా, సీల్ వేసిన తేదీకీ ల్యాబ్‌కు చేరిన తేదీకీ మధ్య వస్తువు ఎవరి దగ్గరుందో రికార్డు లేకపోయినా స్వాధీనం నిలబడడం కష్టం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సినవి ఇవే. పంచు ఊరేది, ఎట్ల వచ్చిండు, రాసిందెవరు, చదివి వినిపించిన్రా?

2024 జూలై 1 నుంచి సోదా, స్వాధీనం వీడియో తీయాలని, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 105వ సెక్షన్ చెబుతోంది. చార్జిషీట్ కాపీలు ఇచ్చేటప్పుడే ఆ వీడియో, దాని ఎలక్ట్రానిక్ సర్టిఫికెట్ రాతపూర్వకంగా అడగాలె. ఠాణా సీసీ కెమెరా రికార్డు 18 నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి రిమాండ్ రోజే దాన్నీ కాల్ రికార్డులనూ చెరపకుండా ఉంచాలని పిటిషన్ వేయాలె. విచారణ మొదలయ్యేసరికి ఆ గడువు దాటిపోతుంది. నేరం జరిగిన రోజు ముద్దాయి వేరేచోట ఉంటే ఆ కాగితం కూడా అప్పుడే వెతకాలె. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతుకు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఉంటుంది, ఆస్పత్రికి పోయినోళ్లకు ఓపీ చీటీ ఉంటుంది. తక్‌పట్టీ తేదీ చెబుతుంది గానీ గంట చెప్పదు. అందుకే గేటు ఎంట్రీ కూడా కావాలె.

శిక్ష పడ్డాక సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు, మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్‌కు 30 రోజులు. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితం. వకీలు లేకుంటే జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపొచ్చు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును పెడుతుంది. ఆలస్యమైతే కారణం రాసి మన్నింపు పిటిషన్ జతచేయాలె. అప్పీలుతోపాటు బీఎన్‌ఎస్‌ఎస్ 430 కింద శిక్ష నిలుపుదల అడగడం మరవద్దు. అప్పీలు వంతు వచ్చేలోగా ఏళ్లు పోతాయి. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆస్పత్రి కోసం ఖాళీ చేసి కూల్చాక, చర్లపల్లికి పంపిన ఖైదీల ఇంటివాళ్లకు ములాఖత్ ఒక రోజు కూలీని, బస్సు చార్జీని మింగుతోంది.

విజయవాడ దగ్గరి హాస్టల్ హత్య కేసులో 2008లో పట్టుకున్న యువకుడికి 2010లో శిక్ష పడితే, 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు నిర్దోషి అని వదిలి, లక్ష రూపాయలు ఇమ్మంది. అది ఆ కోర్టు దయతలచి ఇచ్చింది, ఏ చట్టమూ ఇచ్చిన హక్కు కాదు. తప్పుడు కేసుల బాధితులకు పరిహారం చట్టం కావాలని లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది. ఆ చట్టం రాలేదు. ఆధారం లేని అరెస్టుకు బీఎన్‌ఎస్‌ఎస్ 399 కింద మేజిస్ట్రేట్ ఇప్పించగలిగేది నేటికీ గరిష్ఠంగా 1,000 రూపాయలు. అదీ ఆ అరెస్టు చేయించినవాళ్ల నుంచి.