‘ది గ్రేట్ డిక్టేటర్’ చూడబోయే పిల్లలకు

పిల్లలూ,

సెలవుల్లో చాప్లిన్ తీసిన ‘ది గ్రేట్ డిక్టేటర్’ చూస్తామన్నారు కదా. సుమారు 2 గంటల 5 నిమిషాల సినిమా. ఒక్క పూటలో కుదరకపోతే రెండు పూటలు పెట్టుకోండి గానీ, ఫోన్లో దొరికే ముక్కలు మాత్రం ముందే చూసేయకండి.

ఇది 1940 అక్టోబరులో విడుదలైంది. అప్పటికే ఫ్రాన్సు హిట్లర్ వశమైంది, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. చాప్లిన్‌వి ఇందులో రెండు వేషాలు: టొమేనియా అనే కల్పిత దేశపు నియంత హింకెల్ (హిట్లర్‌నే వెక్కిరించే పాత్ర), యూదుల పేటలో షాపు నడుపుకునే బార్బర్.

హింకెల్ మొదటి ప్రసంగం వచ్చినప్పుడు సబ్‌టైటిల్స్ తీసేయండి. అతను మాట్లాడేది చాలావరకు జర్మన్‌లా వినిపించే అర్థంలేని గోల. ఆ అరుపులకు మైకులే వెనక్కి వంగిపోతాయి. ఒకచోట పళ్లు కొరుకుతూ, గుర్రుమంటూ చాలాసేపు ఊగిపోతాడు. అంతా అయ్యాక దుభాషి తాపీగా, వారు ఇప్పుడు యూదుల ప్రస్తావన తెచ్చారని చెప్పి ఊరుకుంటాడు. కడుపుబ్బా నవ్వుతారు, నవ్వండి. తర్వాత వెనక్కి తిప్పి ఆ దుభాషి గొంతు ఒక్కటే మళ్లీ వినండి. తిట్లన్నీ మింగేసి, మర్యాదగా వార్త చదివినట్టు చదివాడు.

అందరూ భూగోళం బెలూన్‌తో ఆడే ఘట్టాన్నే పొగుడుతారు. బాగుంటుంది, కాదనను. నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైంది అప్పు వ్యవహారం. హింకెల్‌కు డబ్బు కావాలి, ఇవ్వగలిగినవాడు యూదు బ్యాంకరు. అంతే, పేటలో దౌర్జన్యం ఆగిపోతుంది. నిన్నటిదాకా కొట్టిన సైనికులు ఇవాళ మర్యాదలు చేస్తారు. బ్యాంకరు అప్పు ఇవ్వననగానే మళ్లీ మొదలు! కొళాయి కట్టేసి విప్పినట్టు. వీధిలో లౌడ్‌స్పీకర్లోంచి హింకెల్ గొంతు వస్తుంటే జనం ఇళ్లలోకి పరుగెత్తుతారు. ఇందాక మనం నవ్విన గోలే ఇది. ఈసారి వింటున్నది ఎవరో చూడండి.

ఎగతాళికీ హద్దుంది. నాజీల నిర్బంధ శిబిరాల్లోని ఘోరాలు తెలిసుంటే ఈ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని చాప్లినే 1964లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. సినిమాలోని శిబిరం మామూలు జైలులా కనిపించడానికి కారణం అదే.

ఇక చివరి ప్రసంగం. ఫోన్లలో తిరిగే ముక్క అదే కాబట్టి వద్దన్నాను. అక్కడ పాత్ర పక్కకు తప్పుకుని చాప్లినే నేరుగా కెమెరాతో మాట్లాడతాడు. కథగా చూస్తే అది అతుకు, నాకైతే ఇప్పటికీ అతుకుగానే కనిపిస్తుంది. మాటలు మంచివే. కానీ మొదటినుంచీ చూసినవాళ్లకే ఒకటి తడుతుంది: వేదిక మీదున్నది హింకెల్‌ను పోలిన బార్బర్ అని ఎదురుగా ఉన్న సైన్యానికి తెలియదు. వాళ్ల లెక్కలో అతను హింకెలే. ద్వేషానికి కొట్టిన చప్పట్లే దీనికీ కొడుతున్నారు. మాట నచ్చి కొట్టారా, యూనిఫాం చూసి కొట్టారా? సినిమా చెప్పదు. మీరేమనుకున్నారో నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య